నిమ్మకాయ, తిరగేసిన చెంచా

ప్రయోగం 41: నిమ్మకాయ ఉత్ప్లవనం

అడుగుపాలెంలో ఆటలకు అనుమతి లేదు. ప్రయోగాలకు ఉంది. సముద్రాభివృద్ధి మండలి నియమావళిలో "నీటియందు వినోదము నిషిద్ధము" అని ఒకచోట, "పీడనాధికారి అవసరమని తలచిన ప్రయోగములు జరుపవచ్చును" అని ఇంకొకచోట రాసి ఉంది. ఆ పీడనాధికారిని నేనే కనుక, ఆదివారం సాయంత్రాలు మాకు చాలా ప్రయోగాలు అవసరమవుతూ ఉంటాయి.

ఈ వారం నిమ్మకాయ-చెంచా పందెం నిర్వహించాను. పైన నేల మీద పిల్లలు చెంచాలో నిమ్మకాయ పెట్టుకుని నడుస్తారు. ఇక్కడ నిమ్మకాయ తేలుతుంది. అందుచేత చెంచాను బోర్లించి, దాని కింద నిమ్మకాయను ఆనించి, నీటి గుమ్మం నుంచి నాచుతోట మొదటి కంచె దాకా ఈదాలి. నీటి గుమ్మమంటే మా నివాసం నేలలో ఎప్పుడూ తెరిచి ఉండే వాకిలి. లోపలి గాలిని బయటి నీటితో సమానమైన ఒత్తిడిలో ఉంచుతాము కాబట్టి సముద్రం ఆ అంచు దగ్గరే మర్యాదగా ఆగుతుంది. ఆ మర్యాద చెడకుండా చూడడమే నా ఉద్యోగం.

పందెంలో చేతులు ఆడించడం నిషిద్ధం. లేవడమూ దిగడమూ ఊపిరితోనే జరగాలి. నిండుగా పీలిస్తే మనిషి జానెడు లేస్తాడు, వదిలితే జానెడు దిగుతాడు. ఈ విద్యలో నాచుతోట నూకరత్నాన్ని మించినవారు లేరు. ఆమె నీటిలో నిలబడితే గోడకు మేకు కొట్టి తగిలించినట్టు ఉంటుంది.

ఈరోజు నూకరత్నం ఓడిపోయింది.

ఆమె నీటి గుమ్మంలోంచి లోపలికి వచ్చి ముసుగు తీయగానే, విడుపు గది నడిపే అప్పలకొండ అందుకున్నాడు. "ఏటే రత్నాలూ, నిమ్మకాయ నిన్ను ఒగ్గీసి ఎలిపోనాది?"

"అదేటి నీలాంటి బస్తా ఏటి మావా, ఉన్నకాడే ఉండడానికి?" అంది నూకరత్నం. అందరూ నవ్వారు. ఆమె నవ్వు మాత్రం అరక్షణం ఆలస్యంగా వచ్చింది.

నిమ్మకాయ మూడుసార్లు జారింది. మూడుసార్లూ ఎడమ వైపే జారింది. మూడుసార్లూ ఆమె కుడి వైపు వెతికింది. ప్రయోగాల్లో ఒకసారి జరిగినది పొరపాటు. మూడుసార్లు ఒకే విధంగా జరిగినది సమాచారం.

తక్కినవారు టీ తాగడానికి వెళ్ళాక ఆమెను కూర్చోబెట్టి, కుడికన్ను నా అరచేత్తో మూసి, అదే నిమ్మకాయను ఎడమ వైపు నుంచి మెల్లగా తెచ్చాను. అది ముక్కు దగ్గరకు వచ్చేదాకా ఆమె చూపు కదలలేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నిన్నటి నుంచప్పా. ఓరకి ఎవరో పరదా దించుతున్నట్టు ఉన్నాది. మద్దిమద్దిన మెరుపులు మెరుస్తన్నాయి. నిద్ర చాలక అనుకున్నాను." ఆమె ఊళ్ళో అప్ప అంటే అక్క; నన్ను అలాగే పిలుస్తుంది.

ప్రయోగం 42: రంగు ఆరుట

పైనున్న కంటి వైద్యురాలితో తీగ మీద మాట్లాడాను. కంటి లోపలి పొర ఊడుతోందని ఆమె నిర్ధారించారు. పరదా కంటి నడిమికి చేరకముందే శస్త్రచికిత్స జరగాలి. చేరిన తరువాత జరిగితే కన్ను ఉంటుంది, చూపు ఉండదు. "ఎల్లుండి రాత్రికి నా బల్ల మీద ఉండాలి" అన్నారు.

వినడానికి ఇది తేలిక. మా నెత్తిన ఉన్న నీరు రెండు తాటిచెట్ల ఎత్తయినా లేదు. నిమ్మకాయ క్షణాల్లో పైకి పోతుంది. మనిషి పోలేడు. ఇక్కడ గాలి పైనున్న దానికి మూడింతల ఒత్తిడిలో ఉంటుంది. నెలల తరబడి దాన్ని పీల్చిన మా ఒంట్లో నత్రజని నానబెట్టిన శనగల్లో నీరులా నిండి ఉంటుంది. అది మెల్లగా బయటికి రావాలి. తొందరపెడితే నెత్తురులోనే బుడగలవుతుంది. అందుకోసమే విడుపు గది ఉంది: నాలుగు పడకలు, ఒక ఇనుప తలుపు, మెల్లగా తగ్గే ఒత్తిడి. మాలాంటివారికి ముప్పై గంటలు. చివర గదిని గదిలాగే పైకి లాగుతారు. గది ఒక్కటే. ఒకసారి తలుపు మూసి ఒత్తిడి దించడం మొదలుపెడితే, పని పూర్తయ్యేదాకా తెరవడానికి వీలు లేదు.

ఈ రాత్రే ఆమెను అందులో ఉంచాలని వెళ్ళి తలుపు తీశాను. లోపలంతా ఊదారంగు వేసి ఉంది. ఇంకా ఆరలేదు.

మండలి అధ్యక్షులు కోదండపాణి గారు రేపు అడుగుపాలెం దర్శనానికి వస్తున్నారు. ఆయన ఏర్పాట్లు చూడడానికి భుజంగరావు గారనే అధికారి వారం కిందటే దిగారు. మేము నీటిలో నిమ్మకాయల వెంట ఉన్న సమయంలో ఆయన ఈ అలంకరణ చేయించారు.

"ఊదా అధ్యక్షులవారికి ఇష్టమైన రంగండీ," అన్నారాయన. "గది చూస్తామన్నారు. తుప్పు కనబడితే బాగుండదు కదా."

"మనుషులను లోపల పెట్టి మూసేసే గది ఇది. ఈ వాసనతో మూస్తే వాళ్ళు పైకి చేరతారు కానీ, ప్రాణాలతో చేరతారని చెప్పలేను."

"రంగు మంచి కంపెనీదే మేడమ్. నేను పూచీ."

కంపెనీ పూచీ ఊపిరితిత్తులకు ఎలా తెలియజేయాలో నాకు తెలియలేదు. పంకాలన్నీ గది వైపు తిప్పించి, గంటకొకసారి గాలి పరీక్షించాను. లెక్క ప్రకారం రేపు సాయంత్రం నాలుగింటికి గది శుభ్రపడుతుంది. అప్పుడు మూస్తే వైద్యురాలు చెప్పిన గడువుకు సరిగ్గా సరిపోతుంది. మిగిలేది ఏమీ లేదు.

నూకరత్నాన్ని తల కదలకుండా పడుకోమన్నాను.

"పడుకుంటే రేపు కోడిగుడ్డు ఆట ఎవులాడతారప్పా?"

"ఆట కాదు, ప్రయోగం."

"సర్లే. పెయోగం ఎవులాడతారు?"

ప్రయోగం 43: అలంకరణ సామగ్రిపై పీడన ప్రభావం

ఈ ప్రయోగం నేను తలపెట్టినది కాదు. ఉదయం సరుకుల డబ్బాలో రెండు వందల బుడగలు వచ్చాయి. పైనే ఊది, మూతులు కట్టి, ఒక్కొక్కదాని మీద "సుస్వాగతం" అని అచ్చువేయించి పంపారు. ఇక్కడికి వచ్చేసరికి ముడతలు పడిన ఉసిరికాయల్లా ఉన్నాయి. అక్షరాలు చీమలబారులా ఉన్నాయి.

భుజంగరావు గారు ఒక బుడగను వెలుతురుకు ఎత్తి చూశారు. "తడిసి కుంచించుకుపోయాయా?"

"లేదండీ. మూడింతల ఒత్తిడిలో గాలి మూడో వంతు చోటులో సర్దుకుంటుంది. బుడగల తప్పు లేదు."

"మళ్ళీ పెద్దవి కావా?"

"పైకి తీసుకెళ్తే అవుతాయి."

"పైన ఫంక్షన్ లేదు కదండీ," అన్నారాయన బాధగా. ఆ బాధ నిజమైనదే కనుక నేను నవ్వలేదు. వేదిక వెనుక పెట్టడానికి థర్మోకోల్‌తో కోసి తెచ్చిన అధ్యక్షులవారి పేరు కూడా సగానికి చిక్కింది. అందులోనూ సమంగా చిక్కలేదు. మొదటి అక్షరం మాత్రం బలిష్ఠంగా ఉండి, తక్కినవి దాని వెనుక దాక్కున్నట్టు కనిపించాయి.

తరువాత జ్యోతి ప్రజ్వలన ప్రస్తావన వచ్చింది. ఇక్కడి గాలిలో ఒక వత్తి ఎంత ఉగ్రంగా మండుతుందో, ఆపైన శాలువా ఎంత త్వరగా అంటుకుంటుందో వివరించాను. బ్యాటరీ దీపానికి ఒప్పుకున్నారు. అసలు విషయం అప్పుడు చెప్పాను.

"అతిథులు దిగిన యాభై నిమిషాల్లో తిరిగి లిఫ్టు ఎక్కాలి. అంతవరకు వాళ్ళ ఒంట్లో చేరిన నత్రజని తక్కువే, నేరుగా పైకి వెళ్ళవచ్చు. దాటితే విడుపు గదిలోకి వెళ్ళవలసిందే. ఆ గది ఈరోజు నూకరత్నానికి కావాలి."

ఆయన కార్యక్రమ వివరం నా ముందు పెట్టారు. ప్రార్థనాగీతం, వేదికపైకి ఆహ్వానం, స్వాగతోపన్యాసం, మండలి ప్రగతి నివేదిక, పీడన విన్యాసాలు, సన్మానం, సన్మాన పత్ర పఠనం, సన్మానానికి స్పందన, ముఖ్య ప్రసంగం, వందన సమర్పణ. నేను కూడి చూస్తే రెండు గంటల పైన తేలింది. అదీ ఎవరూ దగ్గకపోతే.

"మీరు కొంచెం అడ్జస్ట్ చేయాలి మేడమ్."

"నేను చేస్తాను. నత్రజని చేయదు."

"పై నుంచి చెప్పించమంటారా?"

నత్రజనికి పై అధికారి ఎవరో నాకు తెలియదని వినయంగా చెప్పాను. వేదికకు ఎదురుగోడ మీద పెద్ద ఎర్ర అంకెల గడియారం బిగించి, లిఫ్టు తలుపు తెరుచుకోగానే యాభై నుంచి వెనక్కి లెక్కపెట్టేలా అమర్చాను. మీరు కూడా వారం నుంచి ఇక్కడున్నారు కనుక మీకూ ముప్పై గంటలు తప్పవు అని భుజంగరావు గారికి గుర్తుచేశాను. ఆయన చిరునవ్వు నవ్వారు. "అది స్టాఫ్‌కి కదండీ," అన్నారు.

ప్రయోగం 44: ఉపన్యాస ప్రవాహము, కాలముపై దాని ప్రభావము

అధ్యక్షులవారు రెండు గంటలకు దిగారు. వెంట ఒక ఫొటోగ్రాఫరు మాత్రమే ఉన్నాడు. లిఫ్టులో అంతకంటే చోటు లేదు. కోదండపాణి గారు భారీ మనిషి. తెల్లటి పంచె, తెల్లటి లాల్చీ, సందేహమెరుగని కంఠం.

విన్యాసాలు బాగా జరిగాయి. గాజు గోడకు అవతల మా వాళ్ళు నీటిలో కోడిగుడ్డు పగలగొట్టారు. పెంకు ఊడినా సొన చెదరకుండా గుండ్రంగా నిలిచింది. ఒకరి అరచేతి నుంచి ఇంకొకరి అరచేతికి దాన్ని తోసుకున్నారు. ఆ తరువాత గ్లాసులోని గాలిని ఇంకొక గ్లాసులోకి కింద నుంచి పైకి పోశారు. అధ్యక్షులవారు చిన్నపిల్లవాడిలా ముందుకు వంగి చూశారు. "ఒరేయ్, గాలిని పోస్తున్నార్రా" అని ఫొటోగ్రాఫరుతో అన్నారు. ఆ రెండు నిమిషాలూ నాకు ఆయన నచ్చారు.

తరువాత సోడా ఇచ్చారు. గోలీ నొక్కితే కీచుమనలేదు. ఊరికే లోపలికి జారింది. ఆయన ఒక గుక్క తాగి సీసా బల్ల మీద పెట్టారు. "సోడా చచ్చిపోయిందయ్యా."

అప్పుడు ఉపన్యాసాలు మొదలయ్యాయి.

ప్రతి వక్తా వేదికను అలంకరించిన వారందరి పేర్లూ బిరుదులతో సహా చెప్పాడు. వేదికను అలంకరించిన వారందరూ వక్తలే: అధ్యక్షులవారు, భుజంగరావు గారు, మా నాలుగు విభాగాల పెద్దలు. ఆరుగురు ఆరుగురిని సంబోధించడానికి పట్టే కాలాన్ని నేను ముందుగా లెక్కకట్టలేదు. గడియారం చూద్దామని తల తిప్పితే ఎదురుగోడ మీద అధ్యక్షులవారు నవ్వుతున్నారు. నిలువెత్తు ఫ్లెక్సీ. దానికి ఆ గోడ మీద మేకులు అప్పటికే ఉన్నాయట. గడియారానికి నేను కొట్టించినవి. ఎర్ర అంకెలు ఆయన మీసం వెనుక ఎక్కడో మెరుస్తున్నాయి.

అప్పలకొండ గంట కొట్టాడు. భుజంగరావు గారు వచ్చి గంట అందుకుని తన ఒడిలో పెట్టుకున్నారు. నేను లేచి వేదిక దగ్గరకు వెళ్ళి, సమయం దగ్గర పడిందని వక్త చెవిలో చెప్పాను. దానికి వచ్చిన జవాబు మైకులో వినిపించింది.

"మన పీడనాధికారిణి దమయంతి గారు కూడా వేదికను అలంకరించవలసిందిగా కోరుచున్నాము."

కుర్చీ వేశారు. శాలువా కప్పారు. శాలువా కప్పిన మనిషి మధ్యలో లేచిపోవడం మన సభల్లో జరగని పని. ఆ తరువాతి వక్త ఏడుగురిని సంబోధించాడు. నా చేతి గడియారం ప్రకారం, యాభయ్యో నిమిషం నా సన్మాన పత్రంలోని "నిరాడంబరులు" అన్న మాట దగ్గర గడిచిపోయింది.

సభ ముగిసేసరికి నాలుగుకు పది నిమిషాలు తక్కువ.

ప్రయోగం 45: సోడా

అధ్యక్షులవారు నేరుగా లిఫ్టు వైపు నడిచారు. లిఫ్టు తలుపు ముందు నేను నిలబడ్డాను, శాలువాతో సహా.

"ఇప్పుడు మీరు ఇందులో వెళ్ళకూడదండీ. విడుపు గదిలో నాలుగు గంటలైనా ఉండాలి."

"నాకేమీ లేదమ్మా. నిక్షేపంగా ఉన్నాను."

"ఇక్కడ ఉన్నంతసేపూ నిక్షేపంగానే ఉంటారు. ఒక్క నిమిషం నాతో రండి."

వేదిక మీది సోడా సీసా తెచ్చాను. విడుపు గది గోడలో మందులూ భోజనమూ అందించే చిన్న గూడు ఉంది. సీసా అందులో పెట్టి, గాజు తలుపు బిగించి, పైకి పోయే గొట్టం మర తిప్పాను. ఒక్క దమ్మున ఒత్తిడి పడిపోయింది. చచ్చిపోయిన సోడా లేచింది. నురగ మూతిలోంచి ఎగదన్ని గాజు మీద పడి, సీసాలో సగం కూడా మిగలలేదు.

"మీ నెత్తురు ఇప్పుడు ఆ సోడాలాగే నిదానంగా ఉంది," అన్నాను. "లిఫ్టు కూడా ఇంత వేగంగానే వెళుతుంది."

ఆయన గూటి వైపు చాలాసేపు చూశారు. ఫొటోగ్రాఫరు కెమెరా కిందికి దించాడు.

భుజంగరావు గారు తేరుకున్నారు. "అలాగైతే గదిలోకే వెళ్తారు. నాలుగు గంటలే కదా. అధ్యక్షులవారు వచ్చాక ఆ అమ్మాయి వెళ్తుంది."

విడుపు గది తలుపు పక్కన బెంచీ మీద నూకరత్నం పడుకుని ఉంది. లేవకుండానే అడిగింది. "అప్పా, పరదా ముక్కు కాడికి వచ్చీసింది. ఇంక నాలుగు గంటలంటే ఏటవుతాది?"

నేను విడుపు గది తలుపు బార్లా తెరిచాను.

"గది ఒకటే," అన్నాను అధ్యక్షులవారితో. "ఇప్పుడు తలుపు మూస్తాను. లోపల నూకరత్నం ఉంటుంది. మూడు పడకలు ఖాళీ. మీరు ముగ్గురూ ఆమెతో వెళ్ళవచ్చు. ఆమె వేగంతోనే, ముప్పై గంటలు. లేదా ఆమె పైకి చేరి గది ఖాళీ అయ్యేదాకా ఇక్కడే ఉండవచ్చు. అప్పటికి మీ ఒళ్ళూ మాలాగే నానిపోతుంది. ఇంకొక ముప్పై గంటలు కలపాలి."

"నాకు రాత్రి మూడు సభలున్నాయమ్మా."

"తెలుసునండీ."

"నేనెవరో ఆ గదికి తెలియదా?" అన్నారాయన. గొంతులో కోపం సగమే ఉంది.

అప్పలకొండ మర మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "గదికి ఎవులూ తెల్దు బాబూ. లోపలికెల్తే అందరూ ఒకే గాలి."

అధ్యక్షులవారు బెంచీ మీది మనిషిని అప్పుడే మొదటిసారి సరిగా చూశారు. "ఏ కన్నమ్మా?"

"ఎడందండి. మీరు ఇటేపు ఉన్నారు కాబట్టి కనపడతన్నారు."

ఆయన తల వంచి గదిలోకి వెళ్ళారు. వెనుక ఫొటోగ్రాఫరు. ఆఖరున భుజంగరావు గారు, "స్టాఫ్‌కి" అన్న మాట ఇంకా పెదవుల మీద ఉండగానే. నాలుగు గంటలకు తలుపు మూశాను. లోపలి గాలి శుభ్రంగానే ఉంది. పడకల రంగు మాత్రం పూర్తిగా ఆరలేదు. ముగ్గురి బట్టల వెనుక వైపులు ఊదాగా మారిన సంగతి గాజు కిటికీలోంచి కనబడింది. అది ఆయనకు ఇష్టమైన రంగే.

ప్రయోగం 46: బుడగ

నూకరత్నం వెంట ఒక ముడతల బుడగ తీసుకెళ్ళింది. దాన్ని పడక కడ్డీకి కట్టింది. ఒత్తిడి తగ్గేకొద్దీ అది ఉబ్బుతుంది. గదిలో ఉన్నవారికి అంతకంటే నిజాయితీ గల గడియారం లేదు.

మొదటి పూట అధ్యక్షులవారు గది స్థితిగతుల గురించి ప్రసంగించారు. మాటల గొట్టంలో అంతా వినిపించింది. ఎదుట ఉన్నది ముగ్గురే అయినా ముగ్గురినీ సంబోధించారు. మధ్యలో నూకరత్నం గొంతు వచ్చింది.

"బాబూ, మీరు లేచి నడుస్తంటే పడక ఊగుతాది. తల కదపొద్దన్నారు అప్ప."

ఆయన కూర్చున్నారు. ఆ తరువాత ప్రసంగం లేదు. కొంతసేపటికి, దీపం ఆమె కళ్ళలో పడుతోందని, తగ్గించమని ఆయనే గొట్టంలో అడిగారు. తగ్గించాను. ఈ సంగతి కూడా నమోదు కావడం న్యాయం.

మరునాడు మధ్యాహ్నం భుజంగరావు గారు పిలిచారు. "మేడమ్, బుడగ కమలాపండంత అయింది. అంటే సగం దూరం వచ్చినట్టేనా?"

"సగం దాటారు."

"అక్షరాలు కొంచెం కొంచెం తెలుస్తున్నాయి," అన్నారాయన. అది ఫిర్యాదు కాదు. వారంలో ఆయన నాతో ఏమీ కోరకుండా మాట్లాడడం అదే మొదలు.

రాత్రి పది గంటలకు గది పైకి చేరింది. తలుపు తెరిచేముందు నూకరత్నం తీగ మీద చెప్పింది: "అప్పా, నిండిపోనాది. సుస్వాగతం అని ఎంత బాగా రాశారో. ఎలిపోయేటప్పుడు కనపడతన్నాది."

అంబులెన్సు తలుపు దగ్గరే ఉంది.

అనుబంధము

నెల గడిచింది. రెండు కాగితాలు వచ్చాయి.

మొదటిది పత్రిక ముక్క. "కార్మికురాలికి తోడుగా ముప్పై గంటలు: సముద్ర గర్భంలో అధ్యక్షుల త్యాగం" అని శీర్షిక. ఫొటోలో కోదండపాణి గారు నూకరత్నం పడక పక్కన కూర్చుని ఉన్నారు. ఎదురుగా తీసినది కావడంతో ఊదారంగు కనబడలేదు.

రెండవది మండలి ఉత్తర్వు. అతిథులకు విధించిన యాభై నిమిషాల పరిమితి సభా మర్యాదలకు ఆటంకముగా నున్నందున దానిని తొంభై నిమిషములకు పెంచడమైనది. కింద ప్రతులు అందుకునేవారి జాబితా ఉంది. పీడనాధికారికి ఒకటి, సభల విభాగానికి ఒకటి, దస్త్రానికి ఒకటి. నత్రజనికి పంపినట్టు లేదు. ఆ ఉత్తర్వును గోడకు అంటించాను. దాని మీదే గడియారం బిగించాను, ఈసారి ఫ్లెక్సీకి మేకులు మిగలకుండా.

మూడోది కాగితం కాదు. నిన్న సాయంత్రం తీగ మీద నూకరత్నం పిలిచింది. వైద్యురాలు ఇంకొన్నాళ్ళు నీళ్ళ ముఖం చూడవద్దన్నారట. ఆసుపత్రిలో పిల్లలకు ఆటల పోటీలు పెడితే వెళ్ళిందట.

"ఈళ్ళకి ఆటే రాదప్పా. చెంచా ఎల్లకిలా పట్టుకుని నిమ్మకాయ దాని మీద కూకోబెడతన్నారు. నేను మన లెక్కలో తిరగేసి కింద పెట్టాను. దబ్బున పడిపోనాది. పిల్లలందరూ ఒకటే నవ్వు."

"దెబ్బేమీ తగల్లేదు కదా?"

"నాకేటి దెబ్బ? నిమ్మకాయే దొర్లుకుంటా ఎలిపోనాది. ఎడం పక్కకే ఎలిపోనాదప్పా. మంచం కిందకి పోయినదాకా సూశాను."